పడవలో ఆర్వో మెషీన్: మూడేళ్ళు వాడాక

మూడేళ్ళుగా మేం నలుగురం ఎక్కువగా సముద్రపు నీళ్ళే తాగుతున్నాం. అన్నం, పప్పు, కాఫీ, పిల్లల స్నానాలు, అన్నీ వాటితోనే. మధ్యలో ఒక మెషీన్ ఉందనుకోండి, ఈ గోలంతా దాని గురించే. మలేషియాలోని లంకావి దీవి దగ్గర 40 అడుగుల తెరచాప పడవలో ఉంటాం. వానలు తగ్గే నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరాన థాయిలాండ్ దీవుల వైపు తిరుగుతాం, మిగతా నెలలు లంకావిలోనే. మా ఆయనది లాప్‌టాప్ ఉద్యోగం. పిల్లల చదువు, వంట, ఈ మెషీన్ నావి.

గంటకి ఎన్ని లీటర్లు, ఎన్ని ఆంప్స్ అన్నవి బ్రోషర్లో చూసుకోండి. మోడల్ ఏదైనా సూత్రం ఒకటే: ఉప్పుని ఆపే మెంబ్రేన్ అనే వడపోత గుండా నీళ్ళని ప్రెషర్‌తో తోయడం. ఇంట్లో ఆర్వోకి ఐదారు బార్ల ప్రెషర్ చాలు, సముద్రపు నీళ్ళకి 50, 55 కావాలి. పోసే డబ్బంతా ఆ తేడాకే.

మెషీన్ లేకుండా మొదటి ఏడు నెలలు ట్యాంకు మీదే బతికాం. 400 లీటర్ల ట్యాంకు, నలుగురు మనుషులు. అయిపోతే లంగరు ఎత్తి జెట్టీకి పోవాలి, లేదా డింగీలో, అంటే ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవలో, క్యాన్లు మోయాలి. 20 లీటర్ల క్యాన్ నేల మీద 20 కిలోలే. ఊగే డింగీలోంచి పడవ మీదికి ఎత్తేటప్పుడు నలభై. ఆ ఏడు నెలల్లో నేనూ మా ఆయనా పోట్లాడుకున్నవాటిలో సగం నీళ్ళ గురించే. గాలివాన గురించి ఒక్కసారి కూడా గొడవ పడలేదు. కుళాయి ఎవరు వదిలేశారు, ఆ గిన్నె రెండోసారి ఎందుకు కడిగావు, ఇవే.

సముద్రంలో మునిగి రావడం సరదాగానే ఉంటుంది. ఆ ఉప్పు ఒంటితో పడుకుంటే తెలుస్తుంది సంగతి. ఉప్పు గాల్లోని తేమని లాగుతుంది, దుప్పటి రాత్రంతా చెమ్మగానే ఉంటుంది. చిన్నోడికి మోకాళ్ళ వెనక, మెడ మడతల్లో ఎర్రగా పేలేది. అందుకే మెషీన్ బిగించిన రోజు సాయంత్రం నేను చేసిన మొదటి పని పెద్దదానికి తలంటు పోయడం. నడుం దాకా జుట్టు, కుంకుడుకాయ రసం, పదిహేను లీటర్లు. ఎవరూ లెక్క అడగలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత అది ఇంట్లో మనిషైపోయింది. సోలార్ బాగా వచ్చే పదకొండు నుంచి రెండింటి దాకా నడుపుతాం. లోపల పంపు టక్... టక్... మని ఒకే తాళంలో కొట్టుకుంటుంది. తాళం తప్పితే వంట చేస్తూనే నాకు తెలిసిపోతుంది. గంటకి 30 లీటర్లు. చిన్నోడు ముప్పయ్యో ఎక్కం దాని మీదే నేర్చుకున్నాడు. ముందుండే రెండు ఫిల్టర్లు ఉతకడం పిల్లల డ్యూటీ, వారానికి ఐదు రూపాయల చొప్పున మా ఆయనతో బేరం. తడి ఫిల్టరు రెండు రోజులు మర్చిపోతే కుళ్ళిన గుడ్డు వాసన. అది కూడా అలవాటైంది.

మొదటి ఏడాది చివర్లో, ఇది లేకుండా పిల్లలతో పడవ ఎక్కకండి అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను. అడగనివాళ్ళకి చెప్పకుండా ఉండాల్సింది.

మొన్న శీతాకాలం సంగతి చెప్తాను.

సెప్టెంబరులో పడవ అడుగుకి రంగు వేయించి, ఇంకా చిల్లర పనులుంటే రెండు నెలలు మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, కట్టేశాం. అక్కడ కుళాయి ఉంటుంది కాబట్టి ట్యాంకు వాటితోనే నింపాం. మెషీన్ వాడకపోయినా ఐదు రోజులకోసారి ట్యాంకులోని మంచినీళ్ళతో దానంతటదే లోపల కడుక్కుంటుంది. లేకపోతే లోపల నీళ్ళు మురిగిపోతాయి. ఆ పని అది బుద్ధిగా చేసుకుంటోందని సంతోషించాను.

డిసెంబరులో మళ్ళీ సముద్రంలోకి వచ్చి ఆన్ చేస్తే గంటకి 30 కాదు, 36 లీటర్లు ఇచ్చింది. వారం తిరిగేసరికి 38. నా మొహం చూడాలి అప్పుడు. వెచ్చటి నీళ్ళలో ఈ మెంబ్రేన్లు ఎక్కువ ఇస్తాయి, అది నిజమే. ఈ ఏడు సముద్రం వేడిగా ఉంది కాబోలు అనుకున్నాను. పక్క పడవ వాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపించే టీడీఎస్ మీటరు బ్యాటరీ అప్పటికే అయిపోయింది. బొత్తాం బ్యాటరీలు ఈసారి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు తేవాలని లిస్టులో రాసుకున్నాను. రెండుసార్లు ఊళ్ళోకి వెళ్ళి వచ్చాం. రెండుసార్లూ లిస్టు పడవలోనే ఉండిపోయింది.

సంక్రాంతి వెళ్ళాక అత్తయ్య వచ్చారు. కోనసీమలో సముద్రానికి దగ్గర ఊరు వాళ్ళది. ఆవిడ పెట్టెలో ఆవకాయ, కంది పొడి, ఒక స్టీలు చెంబు. 'పడవలో ఉండదేమోనని తెచ్చానమ్మాయ్' అన్నారు. నిజంగానే లేదు, షవరుంది. లంకావి నుంచి ఒక పగటి ప్రయాణంలో థాయిలాండ్ వైపు లీపే, ఆడాంగ్ దీవుల మధ్యకి వెళ్ళి ఆగాం. నీళ్ళు అద్దంలా ఉంటాయక్కడ. కింద ఇసుక మీద మన పడవ నీడ కనిపిస్తుంది. మెషీన్‌కి అంతకన్నా మంచి చోటు లేదు.

నాలుగో రోజు పొద్దున అత్తయ్య పప్పు గరిటెతో తీసి నాలిక మీద వేసుకుని ఆగారు.

'అమ్మాయ్, ఉప్పు ముందే వేశావా?'

'లేదత్తయ్యా, దించాక వేద్దామని.'

ఆవిడ గరిటె పక్కన పెట్టి గ్లాసుడు నీళ్ళు పట్టుకున్నారు. ఒక గుక్క నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పి, వెంటనే మింగకుండా కాసేపు ఆలోచించారు. 'ఇవి మా బావి ఏప్రిల్ నెల నీళ్ళే. ఎండాకాలం సముద్రం లోపలికి వస్తే ఇట్లాగే ఉంటాయి.'

నేను తాగాను. నాకేమీ తెలియలేదు! మా ఆయనకీ తెలియలేదు. ట్యాంకులో మెరీనా నీళ్ళకి కొత్త నీళ్ళు రోజూ కొన్ని కొన్ని కలుస్తూ వచ్చాయి, మా నాలుకలు కూడా మెల్లగా దానితోపాటే పోయాయి. చిన్నోడి బొమ్మ కారులోంచి రెండు బ్యాటరీలు పీకి మీటర్లో పెట్టాను. ఎప్పుడూ 250, 300 చూపించే మీటరు 1,640 దగ్గర ఆగింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 500 దాకా మంచిదని, వేరే దారి లేకపోతే 2000 దాకా పర్వాలేదని ఉంటుంది. అంటే చచ్చిపోయే నీళ్ళేం కాదు. కానీ అత్తయ్యకి బీపీ ఉంది, ఉప్పు తగ్గించమన్నారు డాక్టరు. నాలుగు రోజులుగా ఆవిడకి రోజూ మూడు లీటర్ల ఉప్పునీళ్ళు నేనే ముంచి ఇచ్చాను. ఆ టెన్షన్ ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ రోజు గంటకోసారి బీపీ చూశాను. ఆవిడే విసుక్కున్నారు.

తయారుచేసినవాళ్ళకి మెయిల్ పెడితే ఒకటే ప్రశ్న అడిగారు: నీళ్ళు మామూలు కన్నా ఎక్కువ వస్తున్నాయా? అవునన్నాను. అయితే మెంబ్రేన్ పోయింది, క్లోరిన్ తగిలి ఉంటుంది అన్నారు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కదా. ఈ మెంబ్రేన్ మీదుండే పల్చటి పొరని అది తినేస్తుంది. జల్లెడ కన్నాలు పెద్దవైతే పిండి జోరుగా పడుతుంది, నూక కూడా పడుతుంది. నేను మురిసిపోయిన ఆ ఎనిమిది లీటర్లు అవే.

మరి క్లోరిన్‌ని ఆపడానికి కడిగే దారిలో ఒక కార్బన్ ఫిల్టరుండాలి. ఉంది. అంటే దాని డబ్బా ఉంది. మూత విప్పి చూస్తే లోపల కార్బన్ కాదు, మట్టిని ఆపే మామూలు తెల్ల ఫిల్టరు. బిగించినతను ఏది చేతికొస్తే అది పెట్టి మూత బిగించేసి వెళ్ళిపోయాడు. మేం ఎప్పుడూ మెషీన్ చేసిన నీళ్ళో వాన నీళ్ళో ట్యాంకులో పోస్తున్నాం కాబట్టి రెండేళ్ళకి పైగా బయటపడలేదు. మెరీనాలో రెండు నెలలు, ఐదు రోజులకోసారి, అంటే పన్నెండు సార్లు క్లోరిన్ నీళ్ళు లోపలికి పంపాం. పంపిన ప్రతిసారీ అవి మళ్ళీ కడిగేదాకా అక్కడే నానుతూ కూర్చున్నాయి. అతనికి ఫోన్ చేస్తే 'ఏదైనా ఒకటే మేడమ్' అన్నాడు. ఆ తర్వాత ఎత్తలేదు. అతన్ని తిట్టుకున్నాను. కానీ అన్నేళ్ళలో ఆ మూత ఒక్కసారైనా నేను విప్పి చూడలేదు కదా.

కొత్త మెంబ్రేన్ వచ్చేసరికి మూడు వారాలు. తాగడానికి, వంటకి లీపే నుంచి 20 లీటర్ల క్యాన్లు, మళ్ళీ డింగీలో. ట్యాంకులో ఉప్పునీళ్ళు స్నానాలకి, గిన్నెలకి. అప్పుడు చూశాను మా పిల్లల్ని. ఏడు నెలలు రెండు లీటర్లతో స్నానం చేసిన పెద్దది షవరు కింద నిలబడి, నీళ్ళు ఆగితే 'అమ్మా, రావట్లేదు' అని అరుస్తోంది. చిన్నోడికి షవరు లేని రోజులు గుర్తే లేవు. మెషీన్ వచ్చాక మా ఇంట్లో నీళ్ళ గొడవలు పోయాయని మురిసిపోయాను గానీ, గొడవతోపాటు ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం కూడా పోయిందని అప్పటిదాకా గమనించలేదు.

ఆ మూడు వారాలు ఇల్లు నడిపింది అత్తయ్యే. వెనక మెట్టు మీద పిల్లల్ని కూర్చోబెట్టి, ముందు సముద్రపు నీళ్ళతో రుద్ది, చివర్లో రెండు చెంబులు. చెంబు భుజానికి ఆనించి వంచితే ధార సన్నగా వీపంతా పాకుతుంది. షవరుతో అది రాదు, నేనూ ప్రయత్నించాను. బియ్యం సముద్రపు నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో ఒక్కసారి తొలిపి, ఆ కడుగునీళ్ళతో గిన్నెల ఉప్పు వదిలించేవారు. ఆడాంగ్ కొండ మీద జలపాతం ఉందంటే బట్టలు మూట కట్టారు. అది జాతీయ పార్కు, ఉతకకూడదంటే ఆవిడకి నచ్చలేదు. ఎలాగూ ఆ నెలలో అక్కడ సన్నటి ధారే.

ఒక మంచి సంగతి ఏంటంటే, మా మెషీన్లో మెంబ్రేన్ రెండున్నర అంగుళాల లావు, నలభై అంగుళాల పొడవు. సముద్రపు నీటి ఆర్వోల్లో చాలా మామూలు సైజు. కంపెనీ స్టిక్కరున్నది అడిగితే చెప్పిన ధరలో మూడో వంతుకి పినాంగ్‌లో నీటి ప్లాంట్ల సామాను అమ్మే చోట దొరికింది. మీరు కొనేముందు ఇదొక్కటి అడగండి: మెంబ్రేన్ బయట దొరికే సైజేనా, కాదా. లీటర్ల లెక్క తర్వాత.

కొనమంటారా అంటే, మా సంగతి చెప్పగలను. ఏడాదిలో ఐదారు నెలలే ఇది గట్టిగా పనిచేస్తుంది. లంకావిలో కువా రేవు దగ్గర నీళ్ళు ఆకుపచ్చగా బురదగా ఉంటాయి, పైన ఫెర్రీల డీజిల్ తెట్టు. అక్కడ ఆన్ చేస్తే మెంబ్రేన్ గోవిందా. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఎండకి కట్టిన గుడ్డకి ఒక పైపు పెడితే గంటలో ట్యాంకు సగం నిండుతుంది, మెషీన్ సిగ్గుపడాలి. ఆ నెలల్లో దానికి తిండి పెట్టి కాపలా కాయడమే మన పని, లేదా లోపల పాడవకుండా ఉంచే సోడియం మెటాబైసల్ఫైట్ అనే మందులో ఊరేసి నిద్రపుచ్చాలి. ఇద్దరే ఉండి, ఎక్కువగా మెరీనాల్లో కట్టుకునేవాళ్ళయితే ఆ డబ్బు పెద్ద ట్యాంకుకి పెట్టుకోండి. చిన్నపిల్లలుండి, తేటనీళ్ళ దీవుల్లో వారాల తరబడి ఉంటామంటే నేను మళ్ళీ కొంటాను. పెద్దవాళ్ళకి బీపీ ఉంటే మాత్రం, చేసిన నీళ్ళు ట్యాంకులోకి వెళ్ళకముందే మీటరు పెట్టి చూడండి, ప్రతిరోజూ.

కార్బన్ ఫిల్టరు ఇప్పుడు నిజంగానే ఉంది, మూత మీద తేదీ రాసి పెట్టాను. కొత్త మెంబ్రేన్ గంటకి 29 లీటర్లే ఇస్తోంది, నాకదే ఆనందం. మీటరు ఈ పొద్దున 270 చూపించింది. అందులోవి ఇంకా ఆ బొమ్మ కారు బ్యాటరీలే. కారు లైట్లు ఎప్పుడు వెలుగుతాయని చిన్నోడు అడుగుతూనే ఉన్నాడు.