సిమెంట్ బోర్డు అని అంటగట్టారు, వానాకాలం రాగానే గోడకు చెమట పట్టింది: కొనేముందు జాగ్రత్త

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఇంట్లో పార్టిషన్ గోడ పెట్టించే ఆలోచనలో ఉన్నవాళ్ళు షాపుకు పోయే ముందు ఇది ఒకసారి చదవండి. కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి. నాకు పోయింది 38,400 రూపాయలు. దాని మీద ప్లంబరు ఖర్చు, ఒక వానాకాలమంతా ఇంట్లో టెన్షన్.

మా ఇల్లు పానగల్లు రోడ్డు వైపు. కింద మేముంటాం. పైన ఒకటే పెద్ద హాలు, ఒక బాత్రూం. పెద్దోడి పెళ్ళి కుదిరేసరికి ఆ హాలును రెండు గదులు చేయాల్సి వచ్చింది. ఇటుక గోడే కట్టిద్దామనుకుంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. గోడ వచ్చే చోట స్లాబు కింద బీము లేదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ చేస్తే, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తుకే రెండు టన్నులు దాటుతుంది. మాది 24 అడుగుల గోడ, అంటే అయిదు టన్నుల పైమాటే. తేలిక ఇటుకలని అమ్మే ఏఏసీ బ్లాకులు పెట్టినా రెండు టన్నులుంటుంది. "పాత స్లాబు సారూ, ఎందుకు రిస్కు" అన్నాడు. ఆ మాట మాత్రం ఈ కథలో నాకు దొరికిన ఒకే ఒక్క మంచి సలహా.

ఇక మిగిలింది ఇనుప ఫ్రేమ్ మీద బోర్డు కొట్టించడమే. అందరూ చెప్పేది జిప్సం బోర్డు. చవక, నున్నగా వస్తుంది, మంటను కూడా కాసేపు ఆపుతుంది. కానీ దానికి రెండు వైపులా ఉండేది అట్ట, లోపలి జిప్సం నీళ్ళకు మెత్తబడుతుంది. తేమకు తట్టుకునే ఆకుపచ్చ రకం ఉంది కానీ అది కూడా చెమ్మకే, తడికి కాదు. మా గోడ ఒక చివర బాత్రూంకు ఆనుతుంది. పైగా మా ఇంట్లో ఫ్లోర్ తుడవడమంటే బకెట్టు నీళ్ళు కుమ్మరించడమే. అందుకని జిప్సం వద్దనుకున్నా. ప్లైవుడ్ అంటే చెదలు భయం, మా బావగారింట్లో అల్మారా మొత్తం తినేశాయి. పీవీసీ ప్యానెళ్ళు లోపల డొల్ల, అంటుకుంటే వచ్చే పొగ విషం, పడక గదికి నాకు మనసొప్పలేదు. షాబాద్ బండలు నిలబెడదామని మా నాన్న సలహా ఇచ్చాడు. ఆయనకు స్లాబు బరువు సంగతి చెప్పలేక ఊరుకున్నా.

అట్లా తిరిగి తిరిగి ఒక షాపులో అడిగితే సేటు "సిమెంట్ బోర్డు పెట్టుకోండి సార్, నీళ్ళలో నానబెట్టినా ఏం కాదు" అన్నాడు. వాడపల్లి, మట్టంపల్లి, హుజూర్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల లారీలు చూస్తూ పెరిగినవాణ్ణి, సిమెంటు అంటే చాలు నమ్మేశా. 8 మిల్లీమీటర్ల బోర్డు, ఫ్రేము, కూలీ అంతా కలిపి అడుగుకు 160. మొత్తం 240 చదరపు అడుగులు. చేతికి ఇచ్చింది కచ్చా చిట్టీ. దాని మీద "బోర్డు 17" అని మాత్రమే ఉంది. ఏం బోర్డో, ఏ కంపెనీదో లేదు.

ఫిబ్రవరిలో పని జరిగింది. బోర్డులు మేడ మీదికి ఎక్కించిన పిల్లగాడు ఒక్కడే నెత్తి మీద పెట్టుకొని, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుకుంటూ మెట్లెక్కాడు. బలంగా ఉన్నాడు అని మెచ్చుకున్నా. అసలు అనుమానం రావాల్సింది అక్కడే, అదెందుకో కింద చెప్తా.

ఎండాకాలం అంతా గోడ బ్రహ్మాండంగా ఉంది. ఏప్రిల్‌లో పెళ్ళయింది. ఆ గదిలో పగలూ రాత్రీ కూలర్ తిరిగింది. జూలైలో ముసురు పట్టాక ఒకరోజు పొద్దున కోడలు కిందికొచ్చి "మామయ్యా, గోడకు నీళ్ళొస్తున్నయ్" అంది. పోయి చూస్తే స్విచ్‌బోర్డు కింద సన్న సన్న బొట్లు, అచ్చం ఎండలో నుంచి వచ్చిన మనిషి నుదుటి మీద చెమటలా. తుడిస్తే పోయాయి. మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చాయి. వారం తిరిగేసరికి పెయింటు పొక్కులు లేచింది, స్క్రూలు కొట్టిన ప్రతిచోటా గోధుమ రంగు మరక, వరసగా బొట్లు పెట్టినట్టు. కొత్త కోడలు అడుగుపెట్టిన గదిలో గోడ ఏడవడమేంటని మా ఆవిడ బెంగ. ఎవరో చెప్పారని నిమ్మకాయలు కూడా కట్టింది.

సేటుకు ఫోన్ చేస్తే "మీ బాత్రూం లీకేజీ సార్, మా బోర్డుకేం సంబంధం" అన్నాడు. నిజమే కావచ్చని ప్లంబరును పిలిచా. రెండు రోజులు టైల్స్ పగలగొట్టి, పైపులు చూసి, మళ్ళీ అతికించి 6,500 తీసుకుపోయాడు. లీకేజీ లేదు. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు: బాత్రూంకు 20 అడుగుల దూరంలో, అసలు పైపే లేని చివరన కూడా గోడ తడిగానే ఉంది కదా!

విషయం తేల్చింది మా పక్కింట్లో ఉండే కెమిస్ట్రీ లెక్చరర్. ఆయన ఒక బొట్టును వేలికి అద్దుకొని, నేను వద్దంటున్నా వినకుండా నాలుక మీద పెట్టుకున్నాడు. "చేదుగా ఉంది, ఉప్పగా కూడా ఉంది. ఇది మామూలు నీళ్ళు కాదు" అన్నాడు. మరునాడు కాలేజీ ల్యాబు నుంచి చిన్న సీసాలో సిల్వర్ నైట్రేట్ తెచ్చాడు. బోర్డు వెనక నుంచి గీకిన పొడిని నీళ్ళలో కలిపి రెండు చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా అయింది. దొరికిందిరా దొంగ అనుకుంటున్నా నేను. ఆయన మాత్రం ఆగి, మా బోరు నీళ్ళు ఉత్తవే తీసుకొని వేశాడు. అవీ తెల్లబడ్డాయి! మన నల్గొండ నీళ్ళ సంగతి తెలిసిందే, ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, అన్ని ఉప్పులూ ఉంటాయి. చివరికి ఇన్వర్టర్‌లో పోసే బ్యాటరీ వాటర్ తెప్పించి మళ్ళీ చేశాడు. ఉత్త నీళ్ళు మామూలుగానే ఉన్నాయి, బోర్డు పొడి కలిపినవి చిక్కగా తెల్లబడ్డాయి. అంటే బోర్డులో క్లోరైడ్ ఉప్పు ఉంది.

సిమెంట్ బోర్డు అంటే ఫైబర్ సిమెంట్ బోర్డు, సిమెంటులో సన్న నార కలిపి చేసేది. మాకు వేసింది అది కానే కాదు. మెగ్నీషియం బోర్డు, షాపుల్లో ఎంజీఓ బోర్డు అంటారు. మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంతో కలిపి గట్టిపడేలా చేస్తారు. పాళ్ళు సరిగా కుదరకపోతే మిగిలిపోయిన క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో డబ్బాలో దొడ్డు ఉప్పు నీరుకారుతుంది చూడండి, అదే పని గోడంతా జరుగుతుంది. ఆ ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది. డెన్మార్క్‌లో 2010 తర్వాత కొన్నేళ్ళు చాలా బిల్డింగుల బయటి గోడల్లో ఈ బోర్డులే వాడారు. తడి గాలికి అవి ఇట్లాగే నీరుకారి, స్క్రూలు తుప్పుపట్టి, చివరికి పీకి పారేయాల్సి వచ్చింది. క్లోరైడ్ బదులు సల్ఫేట్‌తో చేసే రకం కూడా ఉంది, దానికి ఈ రోగం ఉండదు. మన షాపుల్లో ఏది ఏదో చెప్పేవాడెవడు?

ఇదంతా పోయి సేటుకు చెప్తే, "అది గుడ సిమెంటే సార్" అన్నాడు. తమాషా ఏమిటంటే ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఈ మిశ్రమాన్ని 1867లో కనిపెట్టిన సోరెల్ అనే ఫ్రెంచి ఆయన పేరుతో సోరెల్ సిమెంట్ అనే అంటారు. కానీ నేను అడిగింది బస్తాలో వచ్చే సిమెంటుతో చేసిన బోర్డు, ఆయనకూ అది తెలుసు.

అక్టోబర్‌లో గోడ విప్పించా. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే స్క్రూ తలలు పుటుక్కున ఊడి వచ్చాయి. కింద ఉండే జీఐ చానెల్ మీద జింకు పూత పోయి ఎర్రగా పొరలు లేచింది. స్విచ్‌బోర్డు ఇనుప డబ్బా లోపల వేలు పెడితే తడి తగిలింది. దాన్ని ఆనుకొనే కరెంటు వైర్లు. ఆ గదిలో పిల్లలు ఆరు నెలలు పడుకున్నారు. డబ్బు పోయిందన్న బాధ అప్పుడు ఎగిరిపోయింది.

ఇప్పుడు కొనేవాళ్ళకు. బోర్డును తూకం వేయించండి, సిగ్గుపడకండి. ఎనిమిదికి నాలుగు అడుగుల షీటు, 8 మిల్లీమీటర్ల మందం, అసలు ఫైబర్ సిమెంట్ అయితే 30 నుంచి 35 కిలోలు ఉంటుంది. ఇద్దరు మనుషులు పట్టుకోవాలి. మాకు వచ్చినవి 23 కిలోలు తూగాయి. కోసిన అంచు చూడండి: మెగ్నీషియం బోర్డులో పైపొర కింద సన్నటి గ్లాస్ ఫైబర్ జాలీ, దోమతెరలాగా, దారాలు బయటికి వస్తాయి. ఫైబర్ సిమెంట్‌లో ఆ జాలీ ఉండదు. బోర్డు మీద ఐఎస్ 14862 అని ఉందేమో చూడండి, అది ఫైబర్ సిమెంట్ షీట్లకు ఉన్న ఇండియన్ స్టాండర్డ్ నంబరు. ఐఎస్ 2096 అని ఉంటే అది ఆస్బెస్టాస్ షీటు. మన దగ్గర అమ్మకం నిషేధం కాదు కానీ కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారి తీస్తుంది, ఇంట్లోకి రానీయకండి. ఏ బోర్డైనా అంచు నేలకు ఆనకుండా అర అంగుళం పైకి పెట్టించి సీలెంట్ కొట్టించండి.

బిల్లు విషయంలో నాలా చేయకండి. బోర్డు రకం, కంపెనీ, మందం రాసిన జీఎస్టీ బిల్లు లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. నా అదృష్టం, ఫోన్‌పేలో కట్టిన రుజువు, వాట్సాప్‌లో సేటు పెట్టిన "8 ఎంఎం సిమెంట్ బోర్డు రేటు" మెసేజ్ మిగిలాయి. వాటితోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశా. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతా. సమస్య మొదలైన రెండేళ్ళ లోపు కేసు వేయాలి, మనం కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. నంబరు పడిందని తెలిశాక సేటు సగం డబ్బులిస్తానని కబురు పంపాడు. నేనింకా ఒప్పుకోలేదు.

రెండోసారి గోడకు ముందు లెక్చరర్ గారు చెప్పిన పరీక్ష చేశా. మూడు షాపుల నుంచి అరచేయంత ముక్కలు అడిగి తెచ్చి, ఒక్కోదానికి మామూలు ఇనుప స్క్రూ బిగించి, మూడు స్టీలు డబ్బాల్లో పెట్టా. ఒక్కో డబ్బా అడుగున తడి గుడ్డ, దానికి తగలకుండా చిన్న గిన్నె బోర్లించి దాని మీద ముక్క. మూత పెట్టి పది రోజులు. ఒక ముక్క నాలుగో రోజుకే బొట్లు కక్కింది, స్క్రూ చుట్టూ ఎర్రటి వలయం. మిగతా రెండూ కాస్త చెమ్మగిల్లాయి గానీ బొట్లు లేవు. ఆ రెండింట్లో బరువైనదాన్నే, బిల్లుతో సహా తీసుకొని గోడ వేయించా. ఒక వానాకాలం గడిచింది, చుక్క తడి లేదు.

ఆ డబ్బాల్లో ఒకటి పప్పు డబ్బా అని మా ఆవిడకు తర్వాత తెలిసింది. అది మళ్ళీ వంటింట్లోకి రాలేదు, స్క్రూలు వేసుకోమని నాకే ఇచ్చేసింది.