చిన్న స్పోర్ట్స్ కారులో బోల్టు రకం ఫుట్‌రెస్ట్: ఏళ్ల వాడకం తర్వాత

రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కార్లలో ఎడమ పాదానికి చోటు దొరకడమే గగనం. స్టీరింగ్ కుడివైపు ఉంటే క్లచ్ పక్కనే గేర్‌బాక్స్ టన్నెల్ (గేర్‌బాక్స్‌ని కప్పే రేకు గూడు) ఉబ్బి ఉంటుంది. ఎడమవైపు ఉంటే ముందు చక్రం గూడు లోపలికి పొడుచుకొస్తుంది. క్లచ్ తొక్కనంతసేపూ పాదం వంకరగా పడి ఉంటుంది, లేదా క్లచ్ కిందకి దూరిపోతుంది. దూరప్రయాణంలో మోకాలు లాగేస్తుంది. మలుపుల్లో ఒంటికి ఆసరా లేక స్టీరింగ్ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది.

3 మి.మీ. అల్యూమినియం ప్లేటు, రెండు స్టీలు బ్రాకెట్లు ఉండే, ఎడమ పాదం ఆన్చుకునే బోల్టు రకం ఫుట్‌రెస్ట్ ఈ రెండు బాధలనూ తీర్చింది. అయితే ఆ సుఖమంతా దాన్ని ఏ లోతులో, ఏ వాలులో బిగించామన్న దాని మీదే ఆధారపడి ఉంది. ప్లేటు మీది చిల్లులు, నగిషీ చూడ్డానికే.

డ్రిల్ ముట్టుకోకముందే చెక్కముక్కలతో కొలత చూడాలి. కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, రోజూ తొడిగే బూట్లతోనే కూర్చోవాలి, సీటు మామూలు స్థానంలోనే ఉండాలి. ప్లేటు ముఖం వదిలేసిన క్లచ్ పెడల్ కంటే 10 నుంచి 20 మి.మీ. లోతుగా ఉంటే పాదం పక్కకి జరిపితే చాలు, క్లచ్ మీదికి వచ్చేస్తుంది. అంతకంటే లోతైతే మొదట పాదాన్ని వెనక్కి లాగాలి. ఆ లాగడంలో బూటు అంచు పెడల్ కింద తగులుకుంటుంది. ఇది అసౌకర్యంతో ఆగదు, ప్రమాదం. ఇక క్లచ్‌ని అడుగుదాకా తొక్కి పట్టినప్పుడు బూటు పక్కభాగం ప్లేటు అంచుకు రాసుకోకూడదు. పెడల్‌కీ ప్లేటుకీ మధ్య 25–30 మి.మీ. ఖాళీ ఉంటే సరిపోయింది. అందుకోసం ప్లేటు వెడల్పు 70 మి.మీ.కి తగ్గించుకున్నా ఫర్వాలేదు, బూటు కాస్త బయటికి వచ్చినా ఆనుతుంది.

వాలు సంగతికొస్తే, ఈ కార్లలో సీటు నేలకి దగ్గర, కాళ్లు చాపుకుని కూర్చుంటాం. అందుకని నేలతో 55–65 డిగ్రీలు కావాలి. అంతకంటే పడుకున్నట్టుంటే బరువంతా మడమ మీద పడి ముందుపాదం గాల్లో ఉంటుంది. మరీ నిటారుగా ఉంటే పిక్క పట్టేస్తుంది.

రంధ్రం పెట్టే ముందు కారు కిందా కార్పెట్ కిందా రెండు చోట్లా చూడాలి. కింద బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టం వెళ్తుంటాయి; పైన వైరింగ్ కట్ట, కొన్ని కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె) కూడా కార్పెట్ చాటునే ఉంటాయి. డ్రిల్ బిట్ ఒక్కసారిగా దిగబడకుండా చెక్క గొట్టం తొడిగి, కొన బయటికి వచ్చేంత మాత్రమే వదలాలి. కోసిన అంచుకి జింక్ ప్రైమర్, దాని మీద పెయింటు, కింద సీలెంట్ తప్పనిసరి, లేకపోతే తుప్పు అక్కణ్నుంచే మొదలవుతుంది. కిట్‌తో వచ్చే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు (నట్ లేకుండా రేకులోకే మర కోసుకుంటూ దిగేవి) పక్కన పడేయండి. పలుచని రేకులో వాటికి పట్టు ఉండదు, కాలి తన్నుకి రంధ్రం పెద్దదై ఊడొస్తాయి. ఎం6 (6 మి.మీ.) బోల్టులు నాలుగు, కింద వెడల్పు వాషర్లు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి) వాడాలి. కిందినుంచి చెయ్యి అందకపోతే రివెట్ నట్ (పైనుంచే రేకులో బిగించే మర ఉన్న గొట్టం) వేయొచ్చు, కానీ గుండ్రటి రకం కొన్నాళ్లకి రంధ్రంలోనే తిరిగిపోతుంది. ఆరు పలకలదే తీసుకోండి.

చాలామంది పట్టించుకోనిది కార్పెట్. దానికింద మెత్తతో కలిపి 15–20 మి.మీ. మందం ఉంటుంది. బ్రాకెట్‌ని దాని మీదే బిగిస్తే మొదటివారం గట్టిగానే ఉంటుంది, తర్వాత మెత్త అణిగి బోల్టు వదులవుతుంది, ప్లేటు టకటకమంటుంది. ఎన్నిసార్లు బిగించినా మళ్లీ అదే పాట. ప్రతి బోల్టుకీ కార్పెట్ మందమంత పొడవున్న స్టీలు గొట్టం ముక్క తొడిగితే బిగింపు లోహం మీద పడుతుంది. ఆ మందం తెలుసుకునేందుకు దబ్బనం గుచ్చి, రేకు తగిలేదాకా దిగిన పొడవు కొలిస్తే చాలు.

వాడకంలో అరిగిందేమిటంటే, పట్టు కోసం అంటించిన గరుకు టేపు మడమ ఆనే మూల నుంచి లేచిపోయింది. దాని బదులు పలుచటి రబ్బరు షీటును రివెట్లతో బిగిస్తే నిలిచింది. అల్యూమినియం ప్లేటుకి స్టెయిన్‌లెస్ బోల్టులు నేరుగా తగిలేచోట తడి బూట్ల వల్ల తెల్లటి పొడి పేరుకుంది. నైలాన్ వాషర్ వేస్తే తగ్గింది. కింద మాత్రమే ఆధారం ఉన్న ప్లేటు మలుపుల్లో తన్నిపెట్టినప్పుడు పైభాగం వంగుతుంది, కాబట్టి రెండో బ్రాకెట్ ప్లేటు ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర ఉండాలి. టన్నెల్ పక్కన బిగించేవాళ్లు రెండువైపులా జిగురున్న టేపును నమ్ముకోవద్దు, లోపలి వేడికి అది మెత్తబడి జారుతుంది.

లోటస్ ఎలిస్ లాంటి, జిగురుతో అతికించిన అల్యూమినియం చాసీ (అడుగు చట్రం) ఉన్న కారులో అసలు రంధ్రాలే పెట్టకండి. అప్పటికే ఉన్న బోల్టుల్ని వాడుకునే బ్రాకెట్ దొరికితేనే ముందుకెళ్లండి. పాత మ్యాట్‌ని కూడా ఫుట్‌రెస్ట్ ఆకారానికి కత్తిరించాలి. ముడతపడి క్లచ్ కిందకి చేరితే పెడల్ అడుగుదాకా దిగదు, గేరు గరగరమంటుంది.