ఎంజైమ్ స్ప్రే పనిచేస్తుంది, ఫినాయిల్ బకెట్ దూరంగా ఉంటేనే

కుక్క ఉచ్చ వాసన తీయడానికి అమ్మే ఎంజైమ్ స్ప్రేల మీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే. కొట్టినా వాసన పోలేదు, మర్నాడు మళ్లీ అక్కడే పోసింది అని. ఈ సరుకుకి మేం 5కి 4 ఇస్తాం. ఆ ఒక్క మార్కు కోసింది సీసాలో ఉన్న మందుకి కాదు, సీసా మీద రాసిన "కొట్టండి, తుడవండి" అనే మాటకి. అలా వాడితే డబ్బు దండగే.

బయటికి వెళ్లడం బాగా అలవాటైన కుక్క కూడా ముసురు పట్టిన రోజునో, దీపావళి టపాసుల భయానికో ఇంట్లో పోసేస్తుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొట్టి అమోనియా చేస్తాయి. ఆ ఘాటే మనకి తెలిసే వాసన. తడిబట్ట పెడితే మన ముక్కుకి పోతుంది గానీ కుక్క ముక్కుకి పోదు. టైల్స్ సందుల్లో, స్కర్టింగ్ అంచున మిగిలిందే దాన్ని రెండోసారి పిలుస్తుంది.

మంచి స్ప్రేలో మురికిని విరగ్గొట్టే ఎంజైములతోపాటు బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా బీజాలు కూడా ఉంటాయి. అవి తడిలో మేల్కొని ఆ మురికిని తిని అరిగించాలి. అందుకు గంటలు పడుతుంది, అంతసేపూ తడి ఆరకూడదు. లేబుల్ మీద బ్యాక్టీరియా అనో, ఎంజైమ్ రకమో రాసి ఉందా చూడండి. ఊరికే "లావెండర్, ఓడర్ రిమూవర్" అని ఉంటే అది సెంటు నీళ్లు. ఒకే సీసా మీద "99.9 శాతం క్రిములు చస్తాయి" అనీ, "సజీవ బ్యాక్టీరియా" అనీ రెండూ ఉంటే నమ్మకండి. క్రిముల్ని చంపే నీళ్లలో ఆ బ్యాక్టీరియా మాత్రం ఎలా పెరుగుతుంది?

మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే. కుక్క పోయగానే చేతికందేది ఫినాయిల్ లేదా లైజాల్. లైజాల్‌లోని బెంజాల్కోనియం క్లోరైడ్ పనే సూక్ష్మజీవుల్ని చంపడం. దాని మీద ఎంజైమ్ స్ప్రే కొడితే పాడి ఆవుని కొని మేత మాన్పించినట్టే. ముందే ఫినాయిల్ పడి ఉంటే ఆ చోటుని మామూలు నీళ్లతో మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు స్ప్రే వాడండి. ఇంకోటి కూడా ఉంది. రాత్రి మీరు జాగ్రత్తగా కొట్టి వదిలేస్తే, పొద్దున్నే పనమ్మాయి రోజూలాగే బకెట్లో ఫినాయిల్ కలిపి ఇల్లంతా తుడిచేస్తుంది. ఆ మూల వదిలేయమని ముందే చెప్పాలి. నల్ల ఫినాయిల్ అయితే కుక్క ఉన్న ఇంట్లో అసలు వద్దు, పాదాలకు అంటింది నాకేస్తుంది. పిల్లి కూడా ఉంటే మరీ ప్రమాదం. మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే మూత్రంలోని అమోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువు వస్తుంది.

టైల్స్ మీద పని తేలిక. పాత తువ్వాలుతో అద్దండి, రుద్దితే పాకుతుంది. మరకకి చుట్టూ బెత్తెడు మేర ఎక్కువగా, సందులు నిండేలా పోయండి. అవును, పోయడమే. చిమ్మితే పైపైనే ఆగిపోతుంది. పైన పాలిథిన్ కవర్ పరిచి కొన్ని గంటలు ఉంచండి. పాత మరకైతే రాత్రంతా ఉంచాలి.

పరుపు, సోఫా దగ్గరే సీసాలు ఖాళీ అవుతాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకి కిలో బరువుకి సుమారు 20 నుంచి 40 ఎం.ఎల్. మూత్రం పోస్తుంది. 30 కిలోల ల్యాబ్రడార్ అంటే 600 నుంచి 1200 ఎం.ఎల్. ఒక్కసారికి పావు లీటరు అనుకున్నా, అది ఎంత లోతుకి ఇంకిందో స్ప్రే కూడా అంత లోతుకి దిగాలి. 500 ఎం.ఎల్. సీసా రెండు మరకలకే సరి. పెద్ద కుక్క ఉంటే నీళ్లు కలుపుకునే కాన్సన్‌ట్రేట్ డబ్బాయే గిట్టుబాటు, అయితే వేడినీళ్లు కలపొద్దు, ఎంజైమ్ చెడుతుంది. కవర్ వేసి 12 నుంచి 24 గంటలు ఉంచి, తర్వాత ఫ్యాన్ కింద ఆరబెట్టండి. మొదటి రోజు వాసన పెరగవచ్చు. యూరియా విరిగి అమోనియా వస్తోందన్నమాట, కంగారుపడి డెట్టాల్ పోయకండి. సోఫా గుడ్డ రంగు దిగుతుందేమో ముందు వెనకవైపు ఒక చుక్క వేసి చూసుకోండి.

నాపరాళ్ల ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తాండూరు, షాబాద్, కడప బండలన్నీ సున్నపురాయే. యాసిడ్ తగిలితే మెరుపు పోయి, గరుకు తేలి, ఆ గరుకులో ఉచ్చ ఇంకా బాగా ఇంకుతుంది. అందుకే ఉచ్చ వాసనకి వెనిగర్ పోసే చిట్కా, హార్పిక్ రెండూ వాటి మీద పనికిరావు, మార్బుల్ మీదా అంతే. బెల్లం ఒక పాలు, నిమ్మ బత్తాయి తొక్కలు మూడు పాళ్లు, నీళ్లు పది పాళ్లు కలిపి మూడు నెలలు పులియబెట్టే ఇంటి బయో ఎంజైమ్ కూడా నిజానికి పుల్లటి ద్రావణమే. గిన్నెలకీ సింకుకీ బాగుంటుంది, నాపరాయికి మాత్రం వద్దు.

స్ప్రేతోపాటు యూవీ టార్చి కొనుక్కోవడం మంచిదే. రాత్రి లైట్లన్నీ ఆర్పి వేస్తే ఎండిన మూత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది. నీలంగా తెల్లగా మెరిసేది చాలాసార్లు బట్టల సబ్బు పొడి, దాని మీద స్ప్రే వృథా చేయకండి. కుక్క పోయడానికని ఇంట్లో పరిచే ట్రైనింగ్ ప్యాడ్లకు మా ఓటు లేదు. బయటికి వెళ్లే కుక్కకి ఇంట్లో పోయొచ్చని మనమే నేర్పినట్టవుతుంది. ముసలి కుక్కకీ, ఆపరేషన్ అయిన కుక్కకీ సరే. మగకుక్క నడుముకి కట్టే బెల్లీ బ్యాండ్ సోఫాని కాపాడుతుంది, అలవాటుని మాన్పదు. ఆ బ్యాండ్‌లో తడిసిన ప్యాడ్ వెంటనే మార్చకపోతే చర్మం ఒరుసుకుపోతుంది.

ఏ సీసా అయినా నేలనే బాగుచేస్తుంది. మగకుక్క కాలెత్తి గోడకీ, కుర్చీ కాలికీ కొంచెం కొంచెం పోస్తే అది గుర్తు పెట్టడం. పెద్ద మడుగు కడుతుంటే, నిద్రలోనే కారిపోతుంటే, మాటిమాటికీ కూర్చుని నాలుగు చుక్కలే పడుతుంటే, ఎర్రగా వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, షుగర్, కిడ్నీ జబ్బు, ఆడకుక్కకి గర్భసంచిలో చీము, ఏదైనా కావచ్చు. దురదకో, మరో జబ్బుకో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడుతున్నా దాహం పెరిగి ఇలాగే పోస్తుంది. గిన్నెలో నీళ్లు కొలిచి పెట్టండి. రోజుకి కిలో బరువుకి 100 ఎం.ఎల్. దాటి తాగుతుంటే ఆ లెక్క డాక్టర్‌కి చెప్పండి. మగకుక్క ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఎలుకలు తిరిగే ఇంట్లో వానాకాలంలో గ్లవ్స్ లేకుండా తుడవకండి, ఎలుకల నుంచి కుక్కకి అంటే లెప్టోస్పైరోసిస్ జబ్బు దాని మూత్రం నుంచి మనిషికీ వస్తుంది.

మూత్ర పరీక్షకైతే పొద్దున్నే మొదటిసారి పోసేటప్పుడు ధార మధ్యలో శుభ్రమైన డబ్బా పట్టి, వీలైనంత త్వరగా ల్యాబ్‌కి ఇవ్వండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. నేల మీది మడుగు నుంచి సిరంజితో లాగినది కల్చర్‌కి, అంటే బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకి, పనికిరాదు. అది ఎంజైమ్ స్ప్రే కొట్టిన నేలైతే, రిపోర్టులో మీరు కొన్న సీసాలోని బ్యాక్టీరియా కూడా తేలవచ్చు.