బవేరియా యాస, జ్యూరిచ్ యాస: ఏది కష్టం?

పాఠ్యపుస్తకాల జర్మన్ నేర్చుకుని వెళ్ళినవారికి జర్మనీలోని బవేరియా రాష్ట్రపు మాండలికం గానీ, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ మాండలికం గానీ మొదట్లో కొరుకుడుపడవు. అయితే నా లెక్కలో జ్యూరిచ్‌దే ఎక్కువ కష్టం. ఇంటికీ కాలానికీ వాడే హౌస్, త్సైట్ అన్న మాటల్లోని అచ్చులు బవేరియాలో దాదాపు అలాగే నిలుస్తాయి గనుక చెవికి పట్టు దొరుకుతుంది. జ్యూరిచ్‌లో అవి పాతకాలపు దీర్ఘాలతో హూస్, త్సీట్ అవుతాయి, పైగా మాట మొదట్లోని కకారం గొంతులో ఒరుసుకునే ఖకారంగా మారి, బిడ్డ అనే అర్థమున్న కింట్ కాస్తా ఖింద్ అవుతుంది.

బవేరియాలోనూ చిక్కు లేకపోలేదు: 'చాలా' అనడానికి వాడే ఫీల్‌లో లకారం కరిగి ఫుయ్ అని వినబడుతుంది. కానీ ఎదుటివారికి అర్థం కాలేదని తోస్తే బవేరియా రాజధాని మ్యూనిక్ వాసి యాసను పలుచన చేస్తూ ప్రామాణిక భాష వైపు మెల్లగా జరుగుతాడు. జ్యూరిచ్‌లో అలాంటి మధ్య మెట్లు లేవు. ప్రొఫెసరైనా కూలీ అయినా రోజువారీ మాట్లాడేది మాండలికమే, అవసరమైతే ఒక్కసారిగా ప్రామాణిక జర్మన్‌కు మారతారు. జర్మనీ టీవీలో స్విస్ మాటలకు తరచూ సబ్‌టైటిల్స్ వేస్తారు.