చెక్క లేని ఫైబర్‌గ్లాస్ బోటు: ఏళ్ల వాడకం తర్వాత

ఫైబర్‌గ్లాస్ బోటు అంటే ఆసాంతం ఫైబర్‌గ్లాసే అనుకుంటాం గాని, పాత పద్ధతిలో కట్టిన వాటిలో ఇంజన్ బిగించే వెనుక గోడ, అంటే ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్, అడుగున పొడవునా సాగే దూలాల్లో, అంటే స్ట్రింగర్లలో కలప, డెక్ పొరల మధ్య ప్లైవుడ్ గాని బాల్సా చెక్క గాని ఉంటాయి. సరిగా మూయని ఒక్క స్క్రూ రంధ్రం చాలు, నీరు లోపలికి దిగుతుంది. అలా దిగిన నీటికి బయటికి వచ్చే దారి ఉండదు కాబట్టి చెమ్మ నిలిచిన చెక్కకు శిలీంధ్రం పట్టి, పైకి నిగనిగలాడే బోటు లోలోపల గుల్లబారుతుంది. గాజుపోగులను కలిపి గట్టిపరచే పాలియెస్టర్ రెజిన్ అనే జిగురు చెక్కను ఎపాక్సీ జిగురంత గట్టిగా పట్టి ఉంచకపోవడం ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది. అందుకే చెక్క ముక్క లేకుండా కట్టిన బోటును ఎంచుకుని, చాలా ఏళ్లుగా గాలాల వేటకూ విహారానికీ వాడుతున్నాను.

దీనిలో నన్ను అన్నిటికంటే తృప్తిపరచినది ట్రాన్సమ్. గాజుపోగులతో బలపరచిన పాలీయురేథేన్ ఫోమ్ పలకతో దానిని కట్టారు. ఈ మధ్య లోతు కొలిచే పరికరాన్ని మార్చడానికి నీటిమట్టానికి దిగువన కొత్త రంధ్రం వేయవలసి వచ్చింది. డ్రిల్ మొనతో వచ్చిన పొడిని కాగితం మీద పట్టి చూస్తే, పక్కనున్న పాత రంధ్రం అన్నేళ్లుగా నీటిలోనే ఉన్నప్పటికీ, అది పొడిపొడిగా, సన్నని గాజుపోగులతో రాలింది తప్ప ముద్ద కట్టలేదు, ముక్కిన వాసన లేదు. ఇంజన్‌ను పైకి వంచి, దాని కింది కొసను పట్టుకుని బలంగా కిందికి నొక్కినా వెనుక గోడ కదలదు; మూలల్లో జెల్‌కోట్, అంటే పైనున్న నిగనిగలాడే పూత, చిట్లలేదు. పాత బోటు కొనేవారు కూడా ఈ పరీక్షను తప్పక చేయాలి.

అయితే "చెక్క లేదు" అన్న మాట బోటులో ఏది లేదో చెబుతుంది గాని, ఆ స్థానంలో ఏముందో చెప్పదు. ఘనమీటరుకు 80 కిలోలుండే పీవీసీ ఫోమ్ డెక్‌కు చక్కగా సరిపోతుంది. ఇంజన్ బోల్టుల బిగింపును తట్టుకోవలసిన ట్రాన్సమ్‌కు అంతకంటే ఎంతో సాంద్రమైన పలక కావాలి. 1958లో మొదలైన బోస్టన్ వేలర్ బోట్లు రెండు పొరల మధ్య ఫోమ్ నింపిన కట్టుబడికి పేరుపొందినవే అయినా, వాటి పాత నమూనాల ట్రాన్సమ్‌లోనూ, సామగ్రి బిగించే చోట్లా ప్లైవుడ్ ఉండేది. కనుక ట్రాన్సమ్, స్ట్రింగర్లు, డెక్ ఒక్కొక్కటి దేనితో కట్టారో తయారీదారుచేత విడివిడిగా రాయించుకోవడం మంచిది.

నాకు అసంతృప్తి కలిగించింది స్క్రూల పట్టు. తాళ్లు కట్టే క్లీట్ల కింద అల్యూమినియం పలకలు పొదిగిన తయారీదారు, సీట్ల కింద మాత్రం ఆ శ్రద్ధ చూపలేదు. ప్లైవుడ్ స్క్రూ మరను పట్టుకున్నట్లుగా తేలికపాటి ఫోమ్ పట్టుకోలేదు. అలల కుదుపుకు సీటు కాళ్లు కొంతకాలానికే వదులయ్యాయి. ఆ రంధ్రాలను పెద్దవి చేసి, చుట్టూ ఉన్న ఫోమ్‌ను కొంత తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ డ్రిల్ చేసి బిగించవలసి వచ్చింది. ఆ తర్వాత అవి కదలలేదు. లోపలి పలకలు ఎక్కడున్నాయో చూపే పటం లేని బోటుకు కొత్తగా ఏది అమర్చాలన్నా ఈ శ్రమ తప్పదు.

చెక్క లేనంత మాత్రాన రంధ్రాలను మూసే సీలెంట్ మానేయకూడదు. ఫోమ్ కుళ్లదు, నిజమే. కాని దానికీ పైపొరకూ మధ్య నీరు చేరితే అతుకు విడిపోవచ్చు, తేలడానికి అడుగు ఖాళీల్లో పోసిన ఫోమ్ ఏళ్ల తరబడి నీటిలో నానితే బరువెక్కుతుంది. వాడిన బోటును కొనేటప్పుడు ట్రైలర్‌తో సహా కాటా వేయించి, ట్రైలర్, ఇంజన్, ఇంధనం, సామాను బరువులు తీసివేసి, మిగిలినదానిని తయారీదారు ప్రకటించిన బరువుతో పోల్చాలి. తేడా ఎక్కువగా ఉంటే, లోపల చెక్క ఉన్నా లేకపోయినా, నేల పలక విప్పి చూపనిదే బయానా ఇవ్వకూడదు.