ఏజెన్సీ పల్లెకు ఎవరు మేలు: బాండు మీద వచ్చే డాక్టరా, ఊళ్లోనే తయారయ్యే ఆరోగ్య కార్యకర్తా?

ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాల్లో 30 వేల మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉండాలి. భవనం మంజూరు చేయించుకోవడం కన్నా అందులో మనిషిని నిలపడమే కష్టమని పాడేరు, సీతంపేట, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఈ లోటు తీర్చడానికి మన దేశంలో ప్రధానంగా మూడు దారులు తొక్కారు. ఎంబీబీఎస్ డాక్టర్లను బాండుతోనో (చదువయ్యాక కొంతకాలం సర్కారు ఆసుపత్రిలో పనిచేస్తామన్న ఒప్పందం) పీజీ సీటు ఆశతోనో పంపడం ఒకటి, పల్లె వైద్యం కోసమే మూడేళ్ల కోర్సు పెట్టడం మరొకటి, ఆ ఊరివారినే ఎంపిక చేసి తర్ఫీదు ఇవ్వడం ఇంకొకటి.

మొదటి దారి ప్రభుత్వాలకు సులువు. బాండు రాయించుకుంటే ఏడాదో రెండేళ్లో ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. సర్వీసులో ఉన్నవారికి పీజీ ప్రవేశాల్లో కోటా ఇవ్వడం అంతకన్నా బలమైన ఆకర్షణ. ఆ అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఈ కోటాను తగ్గించినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారంటే, వారు పల్లె ఉద్యోగంలో చేరడానికి అది ఎంత పెద్ద కారణమో తెలుస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. పల్లెలో పనిచేసినందుకు ఇస్తున్న బహుమానం పల్లెను వదిలిపోయే అవకాశమే. ఏ గూడెంలో జ్వరాలు ఎప్పుడు మొదలవుతాయో, వాగు పొంగితే ఏ ఊళ్లకు దారి తెగిపోతుందో ఆ డాక్టరుకు ఆకళింపు అయ్యేసరికి పీజీ కౌన్సెలింగ్ వచ్చేస్తుంది. ఇందుకు డాక్టర్లను తప్పుపట్టడం న్యాయం కాదు. క్వార్టర్సులో నీళ్లు రాని చోట, పిల్లలకు మంచి బడి లేని చోట ఏ ఉద్యోగి అయినా బదిలీ కోసమే చూస్తాడు.

మూడేళ్ల కోర్సు కథ అర్ధాంతరంగా ముగిసింది. ఛత్తీస్‌గఢ్ 2001లో చట్టం చేసి దాన్ని ప్రారంభించింది. వైద్య సంఘాల వ్యతిరేకత, డిగ్రీ పేరు మీద, హోదా మీద వివాదాలు కలిసి కొన్నేళ్లకే ప్రవేశాలు ఆగిపోయాయి. చదివి బయటికి వచ్చినవారిని రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా నియమించారు. సాధారణ జబ్బుల చికిత్సలో వీరు ఎంబీబీఎస్ వైద్యాధికారులకు తీసిపోరని 2010 నాటి అధ్యయనం చూపింది. అస్సాం కూడా ఇదే దారి పట్టింది. అక్కడి 2004 నాటి చట్టాన్ని గౌహతి హైకోర్టు కొట్టివేయగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించి, ఆ కోర్సు చదివినవారికి పరిమితమైన పాత్ర కల్పించిన 2015 నాటి చట్టాన్ని మాత్రం నిలిపి ఉంచింది. ‘పల్లెవాళ్లకు సగం వైద్యమా?’ అన్న అభ్యంతరం తోసిపుచ్చదగ్గది కాదు. కానీ అలా అడిగేవారు అనేక ఊళ్లలో ఈ రోజుకూ సూదిమందు వేస్తున్నది ఆ మాత్రం చదువైనా లేని ఆర్‌ఎంపీయేనన్న సంగతి మరిచిపోతారు.

నా మొగ్గు మూడో దారి వైపు, అయితే ఒక షరతుతో. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మొదలుపెట్టిన పనిలో అక్షరం రాని పల్లె స్త్రీలు కూడా ఆరోగ్య కార్యకర్తలయ్యారు. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి స్త్రీలకే నవజాత శిశువుల సంరక్షణ నేర్పగా, 39 గ్రామాల్లో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వారి అధ్యయనం చెప్పింది. పాలు తాగుతోందా లేదా, బరువు ఎంత, ఒళ్లు చల్లబడిందా, ఊపిరి ఎలా ఆడుతోంది అన్నవి చూడడం ఆ పనిలో ముఖ్యభాగం. పసికందు ఊపిరి ఒకే తీరున ఆడదు కాబట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అరవైకి చేరితే మళ్లీ లెక్కపెట్టి, అప్పుడూ తగ్గకపోతే ప్రమాదమని గుర్తించాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఆ ఇంటి గడప దాటి లోపలికి రానిచ్చే నమ్మకం కావాలి. కువి మాత్రమే మాట్లాడే బాలింతను ఆమె భాషలోనే అడగగలగడం అంతకన్నా ముఖ్యం.

2011లో ఈ పనిని దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించి, ఆసుపత్రిలో కాన్పు అయినవారి ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలన్నారు. గడ్చిరోలిలో నేర్పిన తరువాత కూడా వెన్నంటి ఉండి పని సరిదిద్దే పర్యవేక్షణ ఉండేది. పథకాన్ని విస్తరించినప్పుడు ముందుగా పలచబడేది అలాంటి పర్యవేక్షణే. పైగా 2005లో ఆశాను ఉద్యోగిగా కాక స్వచ్ఛంద కార్యకర్తగా నిర్వచించి, పనికింతని ప్రోత్సాహకం పెట్టారు. ఎన్నేళ్లు చేసినా పై మెట్టు లేని పనిలో చురుకైన అమ్మాయి ఎంతకాలం ఉంటుంది?

నా షరతు ఆ మెట్ల గురించే. ఆశాగా చేసినవారికి ఏఎన్ఎం (ఊరి నర్సు) శిక్షణలోనూ, అక్కడి నుంచి బీఎస్సీ నర్సింగ్‌లోనూ సీట్లు కేటాయించి, విలేజ్ క్లినిక్‌లో గానీ పల్లె దవాఖానాలో గానీ మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడర్ (అక్కడ ప్రాథమిక వైద్యం చూసే నర్సింగ్ చదివిన ఉద్యోగి) అయ్యేదాకా దారి వేయాలి. స్థానికులకే ఉద్యోగాలని ఒక్క జీవోతో సరిపెట్టలేమన్నది నిజమే. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 సంవత్సరపు జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. కాబట్టి నియామకం దాకా ఆగకుండా, చదువులో సీటు ఇచ్చే దశలోనే గూడెం అమ్మాయిలను వెతికి పట్టుకోవాలి. డిగ్రీతో పాటు కువి, సవర, కోయ భాషల్లో ఒకటి వచ్చినవారికి ఎంపికలో మార్కులు కలిపినా తప్పులేదు.

ఇవన్నీ చేసినా సిజేరియన్ చేసే చేయి, మత్తు ఇచ్చే డాక్టరు ఊళ్లో తయారుకారు. ఏరియా ఆసుపత్రికి స్పెషలిస్టులను తెచ్చే ఉపాయం ఇప్పటికి బాండూ కోటాలే. వాటిని అక్కడికే పరిమితం చేసి, చదివి తిరిగి వచ్చేవారికి అదే ప్రాంతంలో పోస్టింగ్ తప్పనిసరి చేస్తే, పీజీ సీటు పల్లె విడిచిపోయే దారిగా మాత్రమే మిగిలిపోదు.