కొత్త నగరాన్ని చూడడానికి ఏది మేలు: గైడు వెంట ఎలక్ట్రిక్ సైకిలా, కాలినడకా, టూరిస్టు బస్సా?

రెండు మూడు రోజులు మాత్రమే ఉండబోయే నగరానికి బయలుదేరే ప్రయాణికులు చూడవలసిన వాటి జాబితాను ఇంటి దగ్గరే రాసుకుంటారు గాని, వాటి మధ్య ఎలా తిరగాలన్న సంగతిని చాలామంది అక్కడికి వెళ్లాక తోచినట్టు తేల్చుకుంటారు. నా ఉద్దేశంలో ఎక్కువ ఆలోచన పెట్టవలసింది ఈ రెండో విషయం మీదే. ఒకే నగరం బస్సు మీద నుంచి చూసినవారికి ఒకలా, నడిచి చూసినవారికి ఒకలా, సైకిలు మీద తిరిగినవారికి మరొకలా గుర్తుండిపోతుంది. ఈ మధ్య చాలా నగరాల్లో గైడు ముందు నడుపుతుండగా ఐదుగురో పదిమందో ఎలక్ట్రిక్ సైకిళ్లపై వెంట సాగే టూర్లు బాగా పెరిగాయి. నడకతోను, బస్సుతోను, సొంతంగా అద్దెకు తీసుకున్న సైకిలుతోను పోల్చినప్పుడు ఈ టూరు ఎక్కడ మెరుగు, ఎక్కడ కాదు అన్నది ఇక్కడ పరిశీలిస్తాను.

ముందు దూరాల లెక్క చూద్దాం. మామూలు నడక వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు. గైడుతో నడిచే టూరులో ఆగడాలు, వినడాలు, ఫొటోలు, అందరూ వచ్చేదాకా ఎదురుచూడడాలు ఉంటాయి కనుక, మూడు గంటల్లో మూడు నాలుగు కిలోమీటర్లకు మించి సాగదు. అదే మూడు గంటల్లో ఎలక్ట్రిక్ సైకిళ్ల బృందం తొందరపడకుండా, తరచుగా ఆగుతూనే పదిహేను నుంచి ఇరవై కిలోమీటర్లు చుట్టి రాగలదు. చూడవలసినవన్నీ ఒకే పాత పేటలో ఇమిడిపోయిన నగరంలో ఈ తేడాకు విలువ లేదు. అవి విడివిడిగా పరచుకున్న నగరంలో మాత్రం అన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

బెర్లిన్‌ను తీసుకోండి. ఆ నగరాన్ని చీల్చిన గోడ జాడను చూడాలనుకునేవారికి బెర్నావర్ వీధిలోని స్మారకం ఒకచోట, బ్రాండెన్‌బర్గ్ ద్వారం ఇంకోచోట, గోడలో మిగిలిన 1.3 కిలోమీటర్ల మేర చిత్రాలతో నిండిన ఈస్ట్ సైడ్ గ్యాలరీ నదీతీరాన మరోచోట ఉన్నాయి. మెట్రోలో వెళ్తే ఈ మూడూ భూమి కింద నుంచి పైకి తేలిన మూడు వేర్వేరు చోట్లుగానే మిగులుతాయి. కాలినడకన ఒక పూటలో అన్నిటినీ కలపడం కష్టం. సైకిలు మీద వెళ్లేవారికి, నగరం నడిబొడ్డున గోడ ఉన్న మేరను గుర్తుగా చూపించడానికి రోడ్డులోనే పొదిగిన రెండు వరుసల రాళ్లు కనిపిస్తాయి. అవి ఒకచోట రోడ్డును అడ్డంగా దాటి, ఇంకోచోట కాలిబాట వెంట సాగి, మరోచోట కొత్త భవనం కిందికి వెళ్లి మాయమవుతాయి. ఆ గీతకు ఈ వైపు నుంచి ఆ వైపుకు పదే పదే దాటుతూ పోయినప్పుడు, ఒక వీధికి అవతలి వీధి ఇరవై ఎనిమిదేళ్లపాటు పరాయిదైపోవడం అంటే ఏమిటో కళ్ల ఎదుట తెలుస్తుంది. విడివిడి దృశ్యాలను ఒకే కథగా కలిపి చూపించగలగడమే సైకిలు టూరుకున్న అసలు బలమని నేను నమ్ముతాను.

అయితే ఆ పని మామూలు సైకిలు చేయదా, మోటారు ఎందుకన్న సందేహం సహజం. చదునైన నగరంలో, కాళ్లలో సత్తువ ఉన్నవారికి మోటారు అవసరం నిజంగానే తక్కువ. ఆమ్‌స్టర్‌డామ్, కోపెన్‌హాగన్ వంటి చోట్ల మామూలు సైకిలు టూరు తీసుకున్నవారు కోల్పోయేది పెద్దగా ఏమీ లేదు. కాని లిస్బన్, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి ఎత్తుపల్లాల నగరాల్లో పరిస్థితి వేరు. అక్కడ మామూలు సైకిలు టూరు నడిపేవారు కొండలను తప్పించుకుంటూ తీరం వెంటే దారి వేసుకోవలసి వస్తుంది. మోటారు ఉన్నప్పుడు కొండమీది దృశ్యస్థలాలను కూడా దారిలో కలుపుకోవచ్చు. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం ఇంకొకటి ఉంది. బృందంలో ఇరవై ఏళ్ల యువకుడు, అరవై ఏళ్ల పెద్దాయన, ఏళ్ల తరబడి సైకిలు ఎక్కని గృహిణి కలిసి బయలుదేరినప్పుడు, మామూలు సైకిళ్లయితే మొదటి ఎత్తులోనే బృందం చీలిపోతుంది. వెనుకబడినవారు ఆయాసంతో చేరేసరికి గైడు సగం చెప్పేసి ఉంటాడు. మోటారు ఈ తేడాను చెరిపేస్తుంది గనుక అందరూ ఒకేసారి చేరతారు, వినే ఓపికతో చేరతారు.

మోటారు ఉంది కదా అని ఇది స్కూటరు కాదన్న సంగతి తెలియనివారు కూడా ఉంటారు. ఐరోపా సమాఖ్య దేశాల్లో సైకిలుగా లెక్కించే వాహనంలో మోటారు 250 వాట్లకు మించకూడదు, పెడల్ తొక్కుతున్నంతసేపే అది సాయపడాలి, గంటకు 25 కిలోమీటర్లు దాటగానే ఆ సాయం ఆగిపోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు వీటిని మూడు తరగతులుగా విభజించాయి. మొదటి తరగతిలో మోటారు సాయం గంటకు 20 మైళ్లకు, అంటే దాదాపు 32 కిలోమీటర్లకు, ఆగిపోతుంది. కాబట్టి ఇలాంటి సైకిళ్ల మీద కాళ్లు ఆడించక తప్పదు, కాకపోతే ఆ శ్రమ మెట్టదారిలో కూడా చదునునేల మీద తొక్కినంతే ఉంటుంది.

ఇక కాలినడక. పాతబస్తీల విషయంలో దానితో పోటీపడగలిగింది లేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. లిస్బన్‌లోనే అల్ఫామా పేటలో సందులు మెట్లుగా మారతాయి, మెట్లు పెరళ్లలోకి దారితీస్తాయి. అక్కడ సైకిలు సాయం కాదు, భారం. వెనిస్ పాతనగరంలోనైతే సైకిలు తొక్కడమే నిషిద్ధం. నడిచేవాడు ఒక గుమ్మం పైన చెక్కిన బొమ్మ దగ్గర ఎవరినీ అడగకుండా ఆగగలడు, తెరిచి ఉన్న ప్రార్థనా మందిరంలోకి తొంగిచూడగలడు. సైకిలు బృందంలో ఒకరు ఆగితే వెనుక ఉన్నవారందరూ ఆగాలి.

నడకకు ఉన్న మరో మేలు గురించి టూర్ల ప్రకటనలలో ఎక్కడా రాయరు: గైడు మాట నిరంతరంగా వినిపిస్తుంది. నడిచేటప్పుడు ఆయన పక్కనే ఉండి, కనిపించిన ప్రతిదాని గురించి అడగవచ్చు. సైకిళ్ల వరుసలో గైడు అందరికంటె ముందు, మనకు వీపు చూపిస్తూ ఉంటాడు. ఆయన మాట్లాడేది ఆగిన చోటనే. ఆ మధ్యలో దాటిపోయిన చక్కని భవనాలు పేరు తెలియకుండానే వెనక్కి వెళ్లిపోతాయి. కొన్ని సంస్థలు చెవిలో పెట్టుకునే చిన్న రిసీవర్లు ఇస్తాయి గాని, వాహనాల మధ్య తొక్కుతూ చెవిలో చరిత్ర వినడం నాకు క్షేమంగా తోచదు. చరిత్రను లోతుగా వినాలనుకునేవారు నడక టూరునే ఎంచుకోవాలని నా సలహా. ఖర్చులో కూడా నడకే చౌక. చాలా నగరాల్లో చివర తోచినంత ఇచ్చే పద్ధతిపై నడిచే టూర్లు కూడా దొరుకుతాయి.

టూరిస్టు బస్సును చిన్నచూపు చూడడం అనుభవం గల ప్రయాణికులకు అలవాటు. అది న్యాయం కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, పసిపిల్లల తల్లిదండ్రులకు, సైకిలు తొక్కడం రానివారికి, వాన పడే రోజుకు అదే సరైన మార్గం. పైఅంతస్తు ఎత్తు నుంచి భవనాల పైభాగాలు కనిపించినంత బాగా ఇంకెలాగూ కనిపించవు. దాని లోపమంతా ట్రాఫిక్‌తోనే. వాహనాలు నిలిచిపోయిన కూడలిలో రికార్డు చేసిన వ్యాఖ్యానం ముగిసిపోయి, చెప్పిన భవనం ఇంకా రాకుండా ఉండడం అందులో తిరిగినవారందరికీ తెలిసినదే. ఎక్కడైనా దిగితే మళ్లీ బస్సు కోసం నిలబడాలి. పైగా అది పెద్ద రోడ్లనే పట్టుకుని పోతుంది కనుక, నదీతీరపు బాటలు, తోటలు, వంతెనల మీది సైకిలు దారులు దాని పరిధిలోకే రావు.

అసలైన పోటీ గైడుతో తొక్కడానికి, సొంతంగా ఎలక్ట్రిక్ సైకిలు అద్దెకు తీసుకుని తొక్కడానికి మధ్య ఉంది. ఫోనులో పటం ఉన్నప్పుడు గైడు దేనికని అడిగేవారున్నారు. స్వేచ్ఛ విషయంలో వారి మాట నిజమే. నచ్చిన చోట గంటసేపు కూర్చోవచ్చు, నచ్చని చోటిని వదిలేయవచ్చు. కాని గైడు విలువను ఆయన చెప్పే కథలతోనే కొలవడం పొరపాటు. పరాయి నగరపు రోడ్డు మీద సైకిలు తొక్కడానికి అక్కడి మర్యాదలు తెలియాలి. కోపెన్‌హాగన్‌లో సైకిలిస్టు ఎడమకు తిరగాలంటే కూడలి మధ్యలోకి దూసుకుపోకూడదు. ముందు నేరుగా అవతలి మూలకు దాటి, అక్కడ ఆగి, ఆ తరువాత ఎడమ వైపు సాగాలి. ఆగబోయే ముందు వెనుక వచ్చేవారికి తెలిసేలా చెయ్యి పైకెత్తాలి. పొద్దున ఆఫీసు వేళకు వందలమంది ఒకే బాటలో దూసుకొస్తున్నప్పుడు ఈ సంగతి తెలియకపోతే తిట్లు తినడమే కాదు, దెబ్బలు కూడా తగులుతాయి. పటం దారిని చూపిస్తుంది గాని ఇవి చెప్పదు.

ట్రామ్ పట్టాల సంగతి మరీ ముఖ్యం. పట్టా పక్కనున్న గాడి వెడల్పు సైకిలు టైరు ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోతుంది. వాలుగా దాటబోతే ముందుచక్రం గాడిలో పడి మనిషి పక్కకు ఒరిగిపోతాడు. తడిసిన రోజున ఉక్కు మీద టైరు జారుతుంది. వీలైనంత నిటారు కోణంలో, హ్యాండిల్‌ను వంచకుండా, బ్రేకు పట్టకుండా దాటాలి. మంచి గైడు పట్టాలు రాకముందే బృందాన్ని నెమ్మదింపజేసి, తాను ముందు దాటి చూపించి, ఒక్కొక్కరినీ రమ్మంటాడు. సైకిలు అలవాటు తప్పినవారికి ఈ ఒక్క కారణం చాలు, మొదటిసారి గైడు వెంటే వెళ్లడానికి.

దారి ఎంపికలోనూ ఆయన తెలివి పనికివస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం భవనం కింద నుంచే సైకిలు బాట సాగిపోతుందని, శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన మీద 2.7 కిలోమీటర్లు గాలిని తట్టుకుంటూ తొక్కి అవతల సౌసలీటో పట్టణం చేరితే తిరుగుప్రయాణానికి సైకిలుతో సహా పడవ ఎక్కవచ్చని స్థానికులకు తెలుసు. ఇవి వెతికితే దొరికే విషయాలే. కాని ఏ వేళకు వంతెన మీద జనం తక్కువో, ఏ వీధి రాళ్లు చక్రాలను కుదిపేస్తాయో రోజూ తిరిగేవారికే తెలుస్తుంది. రోమ్ వెలుపలి ఆపియన్ మార్గం దీనికి మంచి ఉదాహరణ. క్రీ.పూ. 312లో మొదలైన ఆ రోడ్డు మీద కొన్ని చోట్ల ఇప్పటికీ పెద్ద పెద్ద నల్లరాళ్ల పరుపే ఉంది. నేరుగా దాని మీద తొక్కితే మణికట్లు నొప్పి పుడతాయి, పక్కనున్న మట్టిబాట పట్టాలని గైడు ముందే చెబుతాడు.

గైడు టూరు మేలని తేల్చుకున్నవారు కూడా అన్ని టూర్లూ ఒకటేననుకోకూడదు. బుక్ చేసేముందు నేను అన్నిటికంటె ముందు చూసేది బృందంలో ఎంతమందిని తీసుకుంటారన్నది. ఎనిమిది పదిమంది దాటితే ప్రతి సిగ్నల్ దగ్గర వరుస తెగిపోతుంది, సగం మంది ఇవతల, సగం మంది అవతల నిలబడి ఒకరికోసం ఒకరు చూస్తూ ఉండవలసి వస్తుంది. పెద్ద బృందానికి వెనుక ఇంకొక సహాయకుడు ఉంటాడా అని అడగడం మంచిది. తరువాత సైకిలు రకం. మోటారు చక్రం ఇరుసులో ఉన్నవి చౌక రకాలు. వాటిలో చాలావాటికి పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది, కనుక కాస్త తొక్కగానే సైకిలు ఒక్కసారిగా ముందుకు దూకినట్టవుతుంది. పెడళ్ల దగ్గర మోటారు ఉన్నవి సాధారణంగా కాలి ఒత్తిడిని కొలిచి అంతకు తగినంతే సాయం చేస్తాయి, ఎత్తుల మీద కూడా నిలకడగా ఎక్కుతాయి.

బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ సైకిళ్లు ఇరవై, ఇరవై ఐదు కిలోల వరకు ఉంటాయి. సైకిలు సాగుతున్నప్పుడు ఆ బరువు తెలియదు, ఆగినప్పుడు తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర నిలబడినవారు పెడల్ మీద ఒక కాలు ఆనించి ఉంచితే, ఆ ఒత్తిడికే మోటారు కదిలి ముందున్నవారిని గుద్దే ప్రమాదముంది. అందుకే ఆగగానే రెండు కాళ్లూ నేల మీద పెట్టి, బ్రేకు పట్టుకుని ఉండమని అనుభవమున్న గైడు మొదటే చెబుతాడు. సీటు ఎత్తు మనకు సరిచేసి, ఖాళీ స్థలంలో రెండు చుట్లు తొక్కించి, బ్రేకులు ఎంత గట్టిగా పడతాయో చూపించి ఆ తరువాతే రోడ్డెక్కించే సంస్థను నమ్మవచ్చు. బ్యాటరీ అయిపోతుందేమోనన్న భయం అక్కరలేదు; నిండుగా ఛార్జి చేసినది మూడు గంటల టూరుకు అవసరమైనదానికంటె చాలా ఎక్కువ దూరం వస్తుంది.

ఇన్నీ చూశాక నా ఎంపిక ఇది. చూడవలసినవి ఒక చదరపు కిలోమీటరులో ఇమిడే నగరమైతే నడక. సైకిలు రానివారు, మోకాళ్లు సహకరించనివారు బృందంలో ఉంటే, అందరూ కలిసి బస్సు. నగరం విశాలంగా పరచుకుని ఉన్నా, కొండల మీద ఉన్నా, నది దానిని రెండుగా చీల్చినా గైడు వెంట ఎలక్ట్రిక్ సైకిలు. అదీ చేరిన మరుసటి రోజు పొద్దున, ప్రయాణపు బడలిక తీరాక. చివరి రోజుకు వాయిదా వేస్తే అందులో సగం ప్రయోజనం పోతుంది, ఎందుకంటే ఆ టూరులో పైపైన చూసిన చోట్లలో ఏది మళ్లీ తీరిగ్గా చూడదగ్గదో తెలిసేది అప్పుడే. ఆ రెండు మూడు పేటలకు మిగిలిన రోజుల్లో కాలినడకన వెళ్లవచ్చు, ధైర్యం కుదిరితే సొంతంగా సైకిలు అద్దెకు తీసుకోవచ్చు. గైడును సెలవు తీసుకునే ముందు అడిగితే, ఏ దారిలో ఏ వేళకు వెళ్లాలో ఆయనే చెబుతాడు.